అత్త దిద్దిన నక్షత్రాలు

ఆ దసరా పొద్దున మట్టెవాడలోని మా మామ షాపులో ఉన్నవి ఇవి: గోడ పొడవునా వరసగా పన్నెండు ఫ్రిజ్‌లు, వాటికెదురుగా నాలుగు వాషింగ్ మెషీన్లు, అట్టపెట్టెల్లోంచి ఇంకా బయటికి రాని మిక్సీలు, గల్లాపెట్టె పక్కన కొట్టడానికి సిద్ధంగా ఒక గుమ్మడికాయ, రెండు కట్టల అగరుబత్తీలు, ఇత్తడి గిన్నెలో తడిపిన కుంకుమ. ఉన్నవాళ్లు వీళ్లు: షాపు యజమాని వీరేశం మామ, ఆయన భార్య సువర్ణ అత్త, పూజ ముగిసేవేళకు వచ్చి చేరిన కొమురవ్వ, ఎల్లయ్య దంపతులు. చివరగా నేను. నా దగ్గర ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా, కరెంటు పొదుపు మీద పాసైన ఒక పరీక్ష, ఒక జేబులో కొలతల టేపు, ఇంకో జేబులో టెస్టరు ఉన్నాయి.

ఈ జాబితాలో ప్రమాదకరమైనది ఒక్కటే ఉంది. గుమ్మడికాయ అనుకుంటే మీరు నన్ను ఇంకా ఎరగరన్నమాట. ఆ రోజు నేను నోరు తెరిచి చెప్పిన రెండు మాటల వల్ల షాపులో ఫ్రిజ్‌లన్నీ ఒక్కసారిగా అబద్ధాలాడడం మొదలుపెట్టాయి. పేరు పోగొట్టుకోకుండా బతికిన మా మామ మొహం వంకాయ రంగులోకి తిరిగింది. ఒక ఇల్లాలు ఏళ్ల తరబడి అడిగి అడిగి తెచ్చుకున్న ఫ్రిజ్ వెనక్కి వెళ్లే ఆటో ఎక్కబోయింది. ఇంత చేసిన ఆ రెండు మాటలూ శుద్ధ శాస్త్రీయమైనవి. నా బాధంతా అదే.

ముందు లేబులు సంగతి చెప్పాలి. మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. చెప్పకుండా ఉండగలిగే మనిషినైతే ఈ కథే జరిగేది కాదు.

షాపులో అమ్మకానికి నిలబెట్టిన ప్రతి ఫ్రిజ్ తలుపు మీదా ఒక లేబులు ఉండాలి. కొనేవాళ్లకు కనపడేటట్టు ఉండాలి. దాన్ని చించకూడదు, దాని మీది అచ్చును మూయకూడదు. పైన వంపులో ఐదు నక్షత్రాల చోట్లు ఉంటాయి. రేటింగు ఎంతో అన్ని నక్షత్రాలు ఎర్రగా నిండి ఉంటాయి, మిగిలినవి ఉత్త గీతలు. అసలు సంగతి కింద, ఎవరూ చదవని సైజులో ఉంటుంది: ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుంది, లోపల ఎన్ని లీటర్లు పడతాయి, ఈ రేటింగు ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా చెల్లుతుంది. నక్షత్రాలను తూచే తక్కెడ కొన్నేళ్లకోసారి మారుతుంది కాబట్టి నిన్నటి ఐదు ఇవాళ నాలుగు కావచ్చు. అందుకే నేను కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ని: "నక్షత్రాలు చూసి మురవకండి, వంగి అంకె చదవండి." పెళ్లి పందిట్లో చెప్పాను. హన్మకొండ బస్సులో కండక్టరుకు చెప్పాను. మా చిన్నాయన దవాఖానలో సెలైన్ ఎక్కించుకుంటూ ఎటూ కదల్లేని స్థితిలో ఉన్నప్పుడు ఆయనకూ చెప్పాను.

ఇక పూజ. మామ గుమ్మడికాయ పట్టుకొని నిలబడ్డాడు. అత్త కుంకుమ గిన్నెతో మొదటి ఫ్రిజ్ ముందు ఆగింది.

"యాడ పెట్టాలె బొట్టు? పోయినేడు తలుపు మీద పెడితే మరక పోలే. కొన్నోళ్లు మీ మామను నిలబెట్టి కడిగిన్రు."

"'పూజ చేసిన గుర్తమ్మా అది' అని చెప్పిన," అన్నాడు మామ. "'గుర్తు మీ ఇంట్ల పెట్టుకోండ్రి, మాకు కొత్త ఫ్రిజ్ ఇయ్యిండ్రి' అన్నరు. ఈసారి బొట్టు వద్దులే, పువ్వు పెట్టు."

"బొట్టు లేకుండ దసరానా?" అత్త గొంతు లేచింది.

ఇక్కడ నన్ను ఎవరూ అడగలేదని మనవి చేస్తున్నాను.

"అత్తా, నేను చెప్త విను. రంగు మీద పెడితే మరక పడ్తది. హ్యాండిల్ మీద పెడితే చేతులకు అంటుతది. అద్దం తలుపు మీద పెడితే జారుతది. లేబుల్ మీద ప్లాస్టిక్ పొర ఉంటది, తడిబట్టతోని తుడిస్తే పోతది. లేబుల్ మీద పెట్టు."

అది మొదటి మాట.

మామ అనుమానంగా చూశాడు. "లేబుల్ ముట్టొద్దు, రూల్ ఉన్నది అని పొద్దాక నా పానం తీస్తివి గదా అల్లుడా?"

"అచ్చును మూయొద్దు మామా, అంతే రూల్. అత్తా, అచ్చు పడ్డకాడ పెట్టకు. ఖాళీ ఉన్నకాడ పెట్టు."

అది రెండో మాట.

మా అత్త ముగ్గు వేస్తే దూరం నుంచి చూసినవాళ్లు స్టిక్కరు అంటించారనుకుంటారు. వేలితో పెడితే పక్కకు అంటుతుందని అగరుబత్తి పుల్ల వెనక వైపు కుంకుమలో ముంచింది. లేబులు వైపు నిదానంగా చూసింది. అచ్చు లేని ఖాళీ చోట్లు వెతికింది. నేను చెప్పింది చెప్పినట్టుగా, ఒక్క గీత దాటకుండా, ఐదు మూలలూ నిండేటట్టుగా బొట్లు పెట్టుకుంటూ పోయింది.

మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

అప్పుడు నేనేం చేస్తున్నానంటారా? గుమ్మడికాయ పగలగొట్టడానికి రాయి అంచు ఏ కోణంలో ఉండాలో మామకు వివరిస్తున్నాను. అటు తిరిగి చూస్తే వరసంతా ఎర్రెర్రగా, పండుగలాగా ఉంది. "మస్తు పెట్టినవ్ అత్తా," అన్నాను.

కొమురవ్వ, ఎల్లయ్య కేసముద్రం పక్క పల్లెవాళ్లు. మంచిరోజని తెల్లారగట్లే రైలెక్కి వచ్చారు. ఆమె నేరుగా ఫ్రిజ్‌ల దగ్గరికి పోయింది. ఆయన గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు ఆగాడు. లోపలికి వస్తే కొనాల్సి వస్తుందని ఆయన భయం.

"కరెంటు తక్కువ తాగేది చూపియ్యి బిడ్డా," అంది కొమురవ్వ.

"తక్కువ గాదు, అసలే తాగనిది ఉన్నదా అడుగు," అన్నాడు ఎల్లయ్య గుమ్మంలోంచి.

"అట్లాంటిది ఇంకా రాలే పెద్దయ్యా," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "సారూ, ఒక్క ముచ్చట చెప్త. మా ఇంటికి సర్కారు సున్న బిల్లు ఇస్తది. నెలకు రెండొందల యూనిట్లు దాటకుంటే సున్న. ఒక్కటి దాటిందనుకో, మొత్తం బిల్లు చేతిల పెడ్తరు. ఈమె పదేండ్ల సంది ఫ్రిజ్, ఫ్రిజ్ అంటాంది. సరే అన్న. కని నా ఇంటికి బిల్లు తెచ్చింది ఏదైనా సరే, ఆ దినమే ఆటో ఎక్కుతది. ఇంట్ల ఉండది."

"ఊకనే అన్లే బిడ్డా. నలుగురి ముంగట ఒట్టు పెట్టిండు," అంది కొమురవ్వ. "ఈన ఒట్టు పెడితే మా ఊళ్లె గడియారం దిద్దుకుంటరు. నాకు పెద్దది వద్దు. పాలు విరగకుంటే చాలు. ఎండకాలం గిలాసెడు చల్లటి నీళ్లకు పక్కింటికి పోయి, వాళ్ల కోడలు మూతి తిప్పుతాంటే చూడకుంట ఉంటే చాలు."

ఇలాంటి మనిషి కోసమే కదా నేను ఆ పరీక్ష పాసైంది! నా గుండె పొంగింది. "ఇప్పుడు నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నయి పెద్దమ్మా?"

"నూట ఎనభై మూడు," అన్నాడు ఎల్లయ్య తడుముకోకుండా. "పెరగది, తగ్గది."

అప్పటికే కొమురవ్వ ఒక ఫ్రిజ్ ముందు ఆగిపోయింది. పొట్టిది, దానిమ్మ రంగుది, తలుపు మీద తెల్లపూల తీగ. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కొత్త కోడల్ని చూసినట్టు కాస్త దూరం నుంచే చూసింది. నేను గల్లాపెట్టె దగ్గర నుంచే తల ఎత్తి చూశాను. ఎర్రగా ఐదు.

"ఫైవ్ స్టార్ పెద్దమ్మా! మంచిది పట్టినవ్. ఈ సైజు ఫైవ్ స్టార్ ఏడాదికి నూట ఇరవై యూనిట్లు తాగుతది. నెలకు పది. నూట ఎనభై మూడుకు పది కలిపితే నూట తొంభై మూడు. ఇంకా ఏడు యూనిట్ల జాగ మిగుల్తది."

"అంత ఖుల్లగ రాసి ఉన్నదా బిడ్డా ఈడ?"

"రాసే ఉంటది పెద్దమ్మా."

వంగి చదవండి అని ఊరంతా తిరిగి చెప్పిన నేను వంగలేదు. దీనికి శాస్త్రీయ కారణం లేదు. పండుగకు కుట్టించిన ప్యాంటు బిగుతుగా ఉంది, వంగితే వెనక కుట్లు ఊడేటట్టున్నాయి. నా చదువంతా ఆ రోజు ఒక దర్జీ చేతిలో ఉంది.

"ఐదు చుక్కలదానికి రేటు జర తక్కువే ఉన్నదే," అన్నాడు ఎల్లయ్య, చీటీ చూసి.

తక్కువ ఎందుకుందో ఆలోచించాల్సింది నేను. "మా మామ మంచితనం పెద్దయ్యా," అన్నాను. మామ అప్పుడు ఫ్రిజ్‌కు తాడు కట్టించే హడావుడిలో ఉన్నాడు; తన మంచితనం గురించి మాట వినపడి, ఎందుకైనా మంచిదని తలూపాడు.

పోయేముందు ఎల్లయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు చుక్కలు తెల్వయి, ఆ కింది సన్నటి అంకెలు తెల్వయి సారూ. నువ్వు చదువుకున్నోనివి, నీ మాట మీద తీస్కపోతానం."

అది నాకు బిరుదులా వినపడింది. చాలా రోజుల తర్వాత గానీ అసలు అర్థం తట్టలేదు. వాళ్లు చదివిన లేబులు ఫ్రిజ్ మీదిది కాదు. నా మొహం.

రెండు రోజుల తర్వాత నేను షాపులోకి అడుగుపెట్టేసరికి అత్త తడిబట్టతో లేబుళ్లు తుడుస్తోంది. నా కళ్ల ముందే ఒక ఫ్రిజ్ ఐదు నుంచి మూడుకు దిగింది. పక్కది రెండుకు దిగింది.

"అత్తా! నక్షత్రాలు తుడుస్తున్నవ్!"

"నేను పెట్టినయే తుడుస్తాన. నువ్వే అంటివి గదా, తడిబట్టతోని పోతదని. మంచిగ పోతానయి."

"నువ్వు... నక్షత్రాలల్ల పెట్టినవా?"

"అచ్చు పడ్డకాడ పెట్టకు, ఖాళీ ఉన్నకాడ పెట్టు అన్నవ్. యాడున్నయి ఖాళీలు? చుక్కలల్లనే ఉన్నయి. కొన్నిటికి ఎర్రగ దిద్ది, కొన్నిటిని ఉత్తగ ఇడిచిపెట్టిన్రు. బొట్టు లేని మొహం లెక్క బోసిగ కొట్టింది. పండుగ పూట అట్లెట్ల ఇడుస్తమయ్యా?"

నేను ఆమె మీద కోప్పడడానికి నోరు తెరిచి, ఆమె తప్పు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. ఆమె నా సూచనలను ఏ కంపెనీ ఇంజినీరూ పాటించనంత కచ్చితంగా పాటించింది.

తర్వాత చాలాసార్లు దీని గురించి ఆలోచించాను. నక్షత్రమూ బొట్టూ చేసే పని ఒకటే. లోపల ఏముందో విప్పి చూడలేని మనిషికి, పరవాలేదు, ముందుకు నడువు అని చెప్పడం. అత్తకు ఖాళీ నక్షత్రం దిగులుగా కనపడింది, నిండిన నక్షత్రం నాకు చాలనిపించింది. ఇద్దరం ఎరుపును చూశాం. కింద ఉన్న అంకెను ఇద్దరం చదవలేదు. తేడా ఒక్కటే: చదవమని ఆమె ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వలేదు.

మామ చీటీల కట్ట తిరగేశాడు. ఆయన మొహం రంగు మారింది అప్పుడే. "అల్లుడా, ఆ కేసముద్రపోళ్లు తీస్కపోయింది టూ స్టార్ రా!"

అదే మోడల్ ఇంకొకటి వరస చివర ఉంది. ఈసారి వంగాను. మామూలు ప్యాంటే. ఏడాదికి రెండు వందల నాలుగు యూనిట్లు. పన్నెండుతో భాగిస్తే నెలకు పదిహేడు. నూట ఎనభై మూడుకు పదిహేడు కలిపితే రెండు వందలు. సరిగ్గా రెండు వందలు. దాటదు, అలాగని ఆగినట్టూ కాదు. బావి గట్టు మీద కూర్చోబెట్టిన పిల్లాడిలాగా ఉంది ఆ అంకె.

"మనం ఐదు అని చెప్పి రెండు అమ్మినమా?" అన్నాడు మామ.

"మనం చెప్పలే మామా. నేను చెప్పిన."

"మన షాపుల నిలబడి చెప్తే షాపు చెప్పినట్టే. ఇగ ఫికర్ చేసుకుంట కూసోకు. పో. అదే రేటుకు అసలైన ఫైవ్ స్టార్ ఇస్తమని చెప్పు. కాళ్లు పట్టుకుంటవో, చేతులు పట్టుకుంటవో నాకు తెల్వది."

పరిహారంగా ఆ ఇంటి కరెంటు వాడకమంతా తనిఖీ చేసి ఇద్దామనుకున్నాను. అందుకని ఒక సంచిలో టెస్టరు, టేపు, షాపులోంచి ఒక వెయ్యి వాట్ల నీళ్ల హీటరు వేసుకొని రైలెక్కాను. హీటరు ఎందుకో కాసేపట్లో చెబుతాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

కొమురవ్వ ఇంట్లో ఫ్రిజ్ గడప ఎదురుగా, వచ్చినవాళ్లకు మొదట కనపడే చోట ఉంది. దానికి బంతిపూల దండ. లేబులు మీద అత్త బొట్లు చెక్కు చెదరకుండా ఉన్నాయి. దేవుడి బొట్టని తుడవలేదట. తలుపు తీసి చూపించింది: పాలు, పచ్చిపులుసు, ఒక గిన్నె పెరుగు, పది నీళ్ల సీసాలు.

"ఇండ్ల రెండు సీసాలు పక్కింటి కోడలియి," అంది మెల్లగా. "ఇప్పుడు ఆమె నా ఇంటికి వస్తాంది. నేను మూతి తిప్పుతలేను. తిప్పొచ్చు. తిప్పుతలేను."

నేను గొంతు సవరించుకొని జరిగిందంతా చెప్పాను: కుంకుమ, పుల్ల, ఖాళీలు, ప్యాంటు. మార్చి ఇస్తామన్నాను. ఆమె తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"వద్దు బిడ్డా."

"పెద్దమ్మా, అది టూ స్టార్..."

"మార్చుడు మొదలైతే ఆయన ఎందుకని అడుగుతడు. చెప్తె ఏమంటడు? 'అమ్మినోడే మాట మార్చె, ఇగ మిషినేం నమ్ముతవ్, అసలుకే వద్దు' అంటడు. ఇది పోతది, ఇంకోటి రాది. మల్ల పదేండ్లు పక్కింటికి పోవాలె నేను."

"మరి నిజం చెప్పొద్దా?"

"చెప్త. నేను దాసిపెట్టే మనిషిని గాదు. ఒక్క సున్న బిల్లు రానియ్యి, దండం పెట్టి చెప్త. నిన్ననే రీడింగు సారు వచ్చి పోయిండు. ఇయ్యాల్టి సంది కొత్త నెల. నెలకు రెండొందలు దాటకుండ చేస్తవా, చెయ్యవా?"

"చేస్త పెద్దమ్మా," అన్నాను, చేతులు కట్టుకొని.

తనిఖీ మొదలుపెట్టాను. బల్బులు: అన్నీ ఎల్ఈడీ. టీవీ: చూడనప్పుడు ప్లగ్గు పీకేసి ఉంటుంది. ఫ్యాన్లు: మనిషి లేచిన మరుక్షణం ఎల్లయ్య ఆపుతాడు, కొన్నిసార్లు మనిషి లేవకముందే ఆపుతాడు. నీళ్లు కట్టెలపొయ్యి మీద కాగుతాయి. ఒక్క దుబారా దొరకలేదు. దేశమంతా ఎల్లయ్యలాగా ఉంటే నాలాంటివాళ్లకు ఉద్యోగాలుండవు.

ఇక మిగిలింది మీటరు. అది ఎక్కువ తిరుగుతోందేమో? ఇంట్లో కరెంటు వస్తువులన్నీ ఆపేసి, తెలిసిన వాట్ల వస్తువు ఒకటి గంటసేపు నడిపి, మీటరు ఎంత చూపిస్తుందో చూడాలి. పుస్తకాల్లో ఉన్న పద్ధతే. అందుకే హీటరు. బకెట్టు నిండా నీళ్లు పోసి, హీటరు ముంచి, స్విచ్చు వేసి, మీటరు ముందు స్టూలు మీద కూర్చొని ఎర్ర లైటు మిణుకులు లెక్కపెట్టసాగాను. నాలుగు కోళ్లు వచ్చి చుట్టూ నిలబడి నన్ను చూశాయి.

చేను నుంచి ఎల్లయ్య వచ్చాడు. "ఏం సారూ, మీటరుతోని మాట్లాడుతానవా?"

"మీటరు కరెక్టుగ తిరుగుతుందా చూస్తున్న పెద్దయ్యా. షాపు తరపున. ఉచితంగ."

"ఎండల పడి గింత దూరం వచ్చినవా? మీ షాపోళ్లు మంచోళ్లయ్యా." ఆ మాటకు నేను మిణుకుల లెక్క తప్పి, మళ్లీ గడియారం మీద ఆధారపడ్డాను.

గంట అయింది. మీటరు సరిగ్గా ఒక యూనిట్ జరిగింది. వెయ్యి వాట్లు, ఒక గంట, ఒక యూనిట్. ఎంత అందం! "మీటరు బంగారం పెద్దమ్మా! ఒక్క పిసరు తేడా లేదు!" అని కేక పెట్టాను. బకెట్లో నీళ్లు సలసలలాడుతున్నాయి. వృథా పోకూడదని ఎల్లయ్య ఆ మిట్టమధ్యాహ్నం ఉక్కపోతలో వేణ్నీళ్ల స్నానం చేసి, ఉడికిన రొయ్యలాగా బయటికి వచ్చాడు.

నేను తృప్తిగా ఇంటికి వచ్చాను. నెల గడిచింది.

ఒక పొద్దున ఫోను మోగింది. కొమురవ్వ. "బిడ్డా, బిల్లు వచ్చింది. ఆటో సుత వచ్చింది. జల్ది రా."

నేను వెళ్లేసరికి వాకిట్లో ట్రాలీ ఆటో నిలబడి ఉంది. డ్రైవరు తాడు చుట్టుకుంటూ, "ఎక్కియ్యాల్నా వద్దా? నాకు ఇంకో గిరాకి ఉన్నది," అని ప్రతి రెండు నిమిషాలకూ అడుగుతున్నాడు. కొమురవ్వ ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. పాలగిన్నె, పెరుగుగిన్నె ఇంకా లోపలే ఉన్నాయి. ఖాళీ చెయ్యనంటోంది. పక్కింటి కోడలు తన రెండు సీసాలు తీసుకోవాలా వద్దా తెలియక గడప దగ్గర తచ్చాడుతోంది.

ఎల్లయ్య అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆయన మొహంలో కోపం కంటే కష్టం ఎక్కువ ఉంది. ఒట్టు పెట్టిన మనిషి అవస్థ అది.

"సారూ, నాకేం పగనా దీనిమీద?" అన్నాడు. "చల్లటి నీళ్లు నేనూ తాగిన. కని నలుగుట్ల మాటిచ్చిన. సూడు."

బిల్లు చేతికిచ్చాడు. ఈసారి వంగి, దగ్గరగా పెట్టుకొని చదివాను.

రెండు వందల ఒకటి.

నాకు ముందు కొంచెం గర్వం కలిగిందని ఒప్పుకోవాలి. నా లెక్క రెండు వందలు. ఎంత దగ్గరగా వచ్చింది! ఆ తర్వాత, మరి ఈ ఒకటి ఎక్కడిది అని మనసులో వెతికాను. ఫ్యాను కాదు. టీవీ కాదు. ఈ ఇంట్లో ఎవరూ ఒక్క మిణుకు కూడా వృథా చెయ్యరు. వెయ్యి వాట్లు. ఒక గంట. బిల్లు మడిచి నా జేబులో పెట్టుకున్నాను.

"పెద్దయ్యా," అన్నాను. "ఆ ఒక్క యూనిట్ ఫ్రిజ్‌ది కాదు."

"మరెవ్వలిది?"

"నాది."

డ్రైవరు కూడా తాడు చుట్టడం ఆపాడు. నేను మొత్తం చెప్పేశాను. హీటరు గురించి చెప్పాను. అది చెప్పాక ఆపలేక నక్షత్రాలు, కుంకుమ, టూ స్టార్ కూడా చెప్పాను. చెబుతుంటే కొమురవ్వ కళ్లు మూసుకుంది. దండం పెట్టి తాను చెబుతానన్న మాట నేను లాగేసుకున్నానని తర్వాత అర్థమైంది.

ఎల్లయ్య ఫ్రిజ్ వైపు చూశాడు. లేబులు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"అంటే ఇది రెండు చుక్కలదే?"

"అవును పెద్దయ్యా."

"అయినా రెండొందల్లనే ఉన్నది?"

"ఉన్నది."

"మీటరు మంచిగున్నదా లేదా అని చూసుటానికి నువ్వు యూనిట్ కాలవెట్టినవ్. నేను ఆ నీళ్లతోని తానం చేసి ఒళ్లు కాల్చుకున్న."

"అవును పెద్దయ్యా."

కొమురవ్వ కళ్లు తెరిచింది. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఏమయ్యా, నీ ఒట్టు ఏంది? బిల్లు తెచ్చింది ఏదైనా సరే ఆటో ఎక్కుతది అంటివి. ఫ్రిజ్ అని అన్నవా?"

ఎల్లయ్య ఆలోచించాడు. నిజాయితీగా, గుర్తు చేసుకుంటూ ఆలోచించాడు. "అన్లే," అన్నాడు.

"మరి బిల్లు తెచ్చింది ఏది?"

అప్పుడు ఆయన మొహం మీద నెల రోజులుగా నేను చూడని వస్తువు కనపడింది. నవ్వు. ముందు మీసాల కింద మొదలై, భుజాలకు పాకి, చివరికి ఆయన గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పక్కింటి కోడలు సీసాలు అక్కడే వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒట్టు ఒట్టే సారూ," అన్నాడు ఎల్లయ్య కళ్లు తుడుచుకుంటూ. "ఆటో వచ్చింది, ఉత్తగ పోవద్దు. ఎక్కు."

"పెద్దయ్యా, నేను రైలుకు..."

"ఎక్కు సారూ. నలుగుట్ల మాటిచ్చిన."

"తాడు కట్టాల్నా?" అని అడిగాడు డ్రైవరు. అతను వెటకారానికి అడగలేదు, గతుకుల రోడ్డు కాబట్టి అడిగాడు.

అలా దానిమ్మ రంగు ఫ్రిజ్ కోసం వచ్చిన ఆటో వెనక, అట్టముక్క మీద, మోకాళ్లు పట్టుకొని కూర్చొని నేను ఆ ఊరి నడివీధిలోంచి బయటికి వచ్చాను. జనం వాకిళ్లలోకి వచ్చి చూశారు. ఎల్లయ్య మాట నిలబెట్టుకున్నాడని ఊరికి తెలిసింది. నెల దాటేదాకా నేను ఆ గడప తొక్కకూడదని వెనక నుంచి కొమురవ్వ కేకేసి చెప్పింది. ఆ నెల బిల్లు నేనే కట్టాను. వద్దనడానికి ఎవరూ ప్రయత్నించలేదు.

ఆ గతుకుల్లో, ఎగిరి పడుతున్న ప్రతిసారీ ఒక మాట చొప్పున, ప్రతిజ్ఞ చేశాను. నేను, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన ఈ నేను, ఇకమీదట వంగి చదవని లేబులు గురించి నోరు విప్పను. వంగడానికి వీల్లేని ప్యాంటు తొడుక్కొని షాపులో నిలబడను. ఎంత పండుగైనా, ఎంత శాస్త్రీయంగానైనా, ఖాళీ చోట్ల గురించి మా అత్తకు సలహా ఇవ్వను. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక ఇంట్లో కరెంటు పొదుపు చెయ్యడానికి ఆ ఇంటి కరెంటు వాడను.

తర్వాతి నెల నేను ఆ ఊరికి పోలేదు. బిల్లు మీద: సరిగ్గా రెండు వందల యూనిట్లు, కట్టాల్సింది సున్న.